తొంభై తొమ్మిదో నంబరు చావులు

ఇదివరకు అపోండి తెల్లారుతూనే పొయ్యి రాజేసి, గంజి కాచి మూతపెట్టి, నీలం అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరేది. జెముడు కంచెల మధ్య దారమ్మట నడుస్తూ ఒక్కో వాకిట్లో నిలబడి అందరూ బాగున్నారా అని అడిగేది. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు పట్నం పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు కన్ను మూశారు, అన్నీ అందులో రాయాలి. ఆమె కింద నూట పన్నెండు ఇళ్ళు ఉండేవి. పదకొండేళ్ళు అలా తిరిగింది. దూరాన ఏడుపు వినిపిస్తే, అది ఏ వాకిట్లోంచి వస్తోందో నడక ఆపకుండానే చెప్పగలిగేది.

ఇప్పుడా పుస్తకం సంచీలో పడి గోడ మేకుకి వేలాడుతోంది. గంజి కాచడం మాత్రం మానలేదు, ఇంట్లో మూడేళ్ళ మనవరాలు ఉంది గనక. కాచాక ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూచుంటుంది. అక్కణ్ణించి చూస్తే కంచె, కంచె అవతల ఇంకా గడ్డి మొలవని మట్టి. కూతురు సిప్రోజ్‌ని అక్కడ పూడ్చిపెట్టి ఏడు వారాలైంది. పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్లని కంచె లోపల పెట్టరు. సిప్రోజ్ పట్నంలో ఒకడితో నాలుగేళ్ళు కాపురం చేసి పిల్లని కన్నది నిజమే గానీ, వాడి తరఫున కన్యాశుల్కం కింద ఒక్క ఆవు కూడా ఈ వాకిట్లోకి నడవలేదు. అంచేత పెళ్ళి కానట్టే.

అపోండి చదివింది నాలుగో తరగతి. మొగుడు సరస్సు మీద చేపలు పట్టేవాడు, ఈమె వాటిని ఎండబెట్టి సంతలో అమ్మేది. జబ్బుల లెక్క తీసే ఆఫీసువాళ్ళు ఊరూరా ఒక మనిషిని పెట్టుకుంటున్నామంటే, చేతిరాత బాగుందని ఊరి పెద్ద ఈమె పేరు చెప్పాడు. అప్పట్నించి ఊళ్ళో ఆమెకి కరానీ అని పేరు పడింది. గుమాస్తా అన్నమాట. వేళాకోళానికి పెట్టిన పేరే, తరవాత అదే నిలిచిపోయింది.

"ఏమ్మా కరానీ, మా ఇంట్లో ఇవాళ ఎవరూ పోలేదు. ఇంకా గంజి తాగుతూనే ఉన్నాం. రేపు రా," అనేది పొరుగున ఉండే ఒబూరా తల్లి.

"నీ గంజి చూస్తే రేపటిదాకా ఆగక్కర్లేదనిపిస్తోందే," అని ఈమె అనేది.

చావు కబురు రాసి పంపిన ఐదారు వారాలకి ఆఫీసు నుంచి వాల్టర్ ఒగోలా సైకిలు మీద వచ్చేవాడు. పోయినవాళ్ళకి ఆఖర్న సేవ చేసినవాళ్ళని కూచోబెట్టి అడిగేవాడు. జ్వరం ఎన్నాళ్ళుంది, దగ్గుతో నెత్తురు పడిందా, ఒళ్ళు తగ్గిందా, నోట్లో తెల్లగా పూసిందా. ఆ ఊళ్ళలో ఆస్పత్రి మంచం మీద పోయేవాళ్ళు తక్కువ, డాక్టరు రాసిచ్చిన కాగితం ఉండేది ఇంకా తక్కువ. మనిషి దేనితో పోయాడో ఇంట్లోవాళ్ళ నోటి నుంచి వినడం తప్ప వేరే దారి లేదు. ఆ జవాబులు చదివి పట్నంలో ఇద్దరు డాక్టర్లు ఒక నంబరు వేస్తారు. మలేరియాకో నంబరు, క్షయకో నంబరు, కాన్పుకో నంబరు, సరస్సులో మునిగితే మరో నంబరు. ఏదీ తేలకపోతే తొంభై తొమ్మిది.

చిరా అనే దోషానికి నంబరు లేదు. ఆ ఊళ్ళో చిరా ఎరగని పిల్లాడు కూడా లేడు. పెద్ద భార్య విత్తనం వెయ్యకముందే చిన్న భార్య వేసినా, ఒకరి తరవాత ఒకరు చెయ్యాల్సిన పని వరస తప్పి చేసినా, ఆ తప్పు మనిషిని పట్టుకుంటుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు. మొలకి కట్టిన గుడ్డ జారిపోయేంతగా చిక్కి, చిక్కి, పోతాడు. చూడ్డానికి అచ్చం ఆ జబ్బులాగే ఉంటుంది. ఆ జబ్బు పేరు ఊళ్ళో ఎవరూ ఎత్తరు, ఎయిడ్స్ అన్న మాట రేడియోలో వస్తే గొంతు తగ్గిస్తారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒబూరా తల్లి మొగుడు పోయాడు. వాల్టర్ రావడానికి ముందురోజు ఆమె వచ్చి అపోండి చెయ్యి పట్టుకుంది.

"ఆ కుర్రాడు రేపొస్తాడటగా. ఏమని చెప్పనే? ఆ పేరు కాగితం మీదకెక్కితే నా పిల్లల పక్కన బళ్ళో ఎవరైనా కూచుంటారా? నా చేతి చేప ఎవరైనా కొంటారా?"

వాల్టర్ ఏమడుగుతాడో అపోండికి కంఠతా వచ్చు. "చిరా అని చెప్పు. రాయిలాంటి మనిషి, వరస తప్పాడు, చిక్కిపోయాడు, అంతే. నోట్లో పుండ్ల సంగతి ఎత్తకు. నడుం చుట్టూ లేచిన పొక్కులు అసలే ఎత్తకు."

ఆ చావుకి తొంభై తొమ్మిది పడింది. ఒబూరా తల్లి చేపలు అమ్ముకుంటూనే ఉంది, పిల్లలు బడికి పోతూనే ఉన్నారు. ఆ తరవాత మరొకామె వచ్చింది, మరొకామె. కొన్నాళ్ళకి ఎవరూ రాకుండానే అపోండి తానే వెళ్ళి చెప్పడం మొదలెట్టింది. ఖాళీ గడి ఎవరికీ చెరుపు చెయ్యదనుకుంది. ఒక ఇంటి పరువు కాపాడాను కదా అని ఆ రాత్రి తృప్తిగా అన్నం తినేది.

రెండేళ్ళ కిందట ఊళ్ళ కరానీలందర్నీ బళ్ళోకి పిలిచారు. టీ, రొట్టె పెట్టారు. ఆఫీసులో లెక్కలు చూసే నాలియాకమ్మ వచ్చింది. ఎక్కడో కొండల అవతలి మనిషి, మాట నెమ్మది.

"నా పనేంటో మీకు తెలుసా అమ్మలూ?" అని అడిగింది.

"జీతం తీసుకోవడం," అంది వెనక వరసలో ఒకావిడ.

"అది నెలకొక్క రోజే. తక్కిన రోజులన్నీ మీరు రాయకుండా వదిలేసినవాటిని పట్టుకుని కూచుంటాను," అందామె, అందరితో పాటు తనూ నవ్వి.

తరవాత చెప్పింది. ప్రతి మనిషి వాకిట్లోనూ నాలుగైదు చావులు కాచుక్కూచుంటాయి. ఏది ముందు లోపలికొస్తే దాని పేరే రాస్తాం. తక్కినవి లేవని కాదు, వాటికి పని లేకపోయింది, అంతే. దగ్గుతో ఏడాదిగా తీసుకుంటున్న మనిషి పడవ తిరగబడి పోతే సరస్సు అనే రాయాలి, అది సరైనదే. కానీ వచ్చే ఏడు పడవలన్నీ క్షేమంగా ఒడ్డుకొచ్చాయనుకోండి, క్షయ చావులు పెరిగినట్టు కనిపిస్తాయి. క్షయ పెరగలేదు. దానికి అడ్డొచ్చేది లేకుండా పోయింది.

అపోండి రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె మొగుడు అలాగే పోయాడు. ఏడాది దగ్గి, చొక్కా భుజాల మీంచి జారేంత అయ్యాక, గాలివానలో పడవ తిరగబడింది. సరస్సు అని తన చేత్తోనే రాసింది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ గాలి రాకపోయుంటే ఏమని రాసేదో అన్నాళ్ళూ తనని తాను అడగలేదు.

నాలియాకమ్మ చేపలబుట్ట ఒకటి బల్ల మీద పెట్టింది. సగం గుడ్డ కప్పి ఉంది.

"పైకి కనిపించేవి ఇరవై. అందులో ఎంబుటా చేపలు అయిదు. గుడ్డ కింద మరో ఇరవై ఉన్నాయనుకుందాం. వాటిలో ఎంబుటాలు ఎన్నుంటాయి?"

"అయిదు," అన్నారు నలుగురు.

"ఏ రేవులో కొంటారమ్మా మీరు?" అంది వెనక వరస ఆవిడే. "మంచివి పైన పెడతాం, చూపించకూడనివి గుడ్డ కింద పెడతాం. గుడ్డ కప్పేదే అందుకు."

అందరూ పగలబడి నవ్వారు. నాలియాకమ్మ ఈసారి నవ్వలేదు.

"నా భయం అదే," అంది. "మీ తొంభై తొమ్మిదుల్ని పైకి కనిపించేవాటిని బట్టి పంచుతాను. ఇంత మలేరియాకి, ఇంత క్షయకి, ఇంత ఆ జబ్బుకి. ఎవరూ కావాలని దాచకపోతే ఆ పంపకం ఇంచుమించు సరిపోతుంది. ఒక్క రకం చేపనే ఏరి దాస్తే మాత్రం నా లెక్కంతా తప్పు, తప్పని నాకు తెలియను కూడా తెలియదు." కాగితం తిరగేసి, "ఈ రేవు వైపు ఆ జబ్బు బాగా తగ్గినట్టు కనిపిస్తోంది. రేవు దగ్గర రక్తపరీక్ష చేసే డేరాని వచ్చే ఏడు నుంచి కొండ వైపు ఊళ్ళకి మారుస్తారట. అక్కడ ఎక్కువగా ఉంది," అంది.

అపోండి చెయ్యెత్తలేదు. ఎత్తితే ఎన్ని ఇళ్ళ గుట్టు రట్టవుతుందో మనసులో లెక్కేసుకుంది. టీ చల్లారిపోయింది. సంవత్సరం మారగానే డేరా వెళ్ళిపోయింది.

అది వెళ్ళిన ఏడాదికి సిప్రోజ్ పిల్లని ఎత్తుకుని పట్నం నుంచి దిగింది. వ్యాను దిగిన మనిషి తన కూతురేనని పోల్చుకోడానికి అపోండికి క్షణం పట్టింది.

"ఏం లేదమ్మా, పట్నం నీళ్ళు పడలేదు," అంది సిప్రోజ్.

జిల్లా ఆస్పత్రికి పోదామంటే ససేమిరా అంది. "అక్కడ రక్తం తీసే పిల్ల మన పెద్దనాన్న మనవరాలు. సాయంత్రానికల్లా రేవంతా పాకుతుంది. ఆ డేరా ఉంటే వెళ్ళేదాన్ని. ఎక్కడివాళ్ళో వస్తారు, పేరు కూడా అడగరు. అదెందుకు తీసేశారమ్మా?"

"ఏమో తల్లీ," అంది అపోండి.

బావగారు ఒవిటి వచ్చి చూశాడు. మొగుడికి అన్న, ఇంటికి పెద్ద. ఆవులు తోలకుండా కాపురం చేసి, తిరిగొచ్చి తల్లి గుడిసెలో పడుకుంది, చిరా పట్టక ఏం చేస్తుంది అన్నాడు. వేర్లు తెప్పించాడు. అపోండి రెండు నెలలు రోజూ తెల్లారుతూనే ఆ వేర్లు కాచి, ఊది ఊది, కూతురి నోట్లో పోసింది. అన్నేళ్ళు ఊరికి చెప్పి చెప్పి ఆఖరికి తానే నమ్మిందో, నమ్మితే గుండె కాస్త తేలికయ్యేదో. సిప్రోజ్ ఎదురు చెప్పలేదు. తాగి, గోడ వైపు తిరిగి పడుకునేది. చివరి వారం కషాయం గుటక కూడా దిగలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్లని మోసుకెళ్ళడానికి ఇద్దరు మగాళ్ళు సరిపోయారు.

ఆ చావు కబురు కూడా అపోండే రాసి పంపింది. రాయడానికి వేరే ఎవరూ లేరు.

ఏడో వారం బుధవారం పొద్దెక్కాక వాల్టర్ వచ్చాడు. సైకిలు కంచెకి ఆన్చి, గుమ్మం ముందు నిలబడి టోపీ తీశాడు.

"ఒకుము తల్లీ, నేనే రావాల్సొచ్చింది. నాతో చెప్పడం కష్టమైతే వేరేవాళ్ళని పంపమంటాను."

ఒకుము ఆమె పెద్ద కొడుకు. "నువ్వే అడుగు నాయనా," అని పీట వేసింది.

కబురెలా తెలిసిందో ఒవిటి కూడా వచ్చి చూరు నీడన కూచున్నాడు. కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. పసిది అవినో అమ్మమ్మ ఒళ్ళో ఉంది.

వాల్టర్ కాగితాలు తీశాడు. "ఎన్నాళ్ళు జబ్బు పడింది?"

"నెల. నెలకి పైన ఒక్కరోజు లేదు," అన్నాడు ఒవిటి. "చిరా. రాసుకో, పోయిరా. నీ సైకిలుకి ఎండ తగులుతోంది."

"పెద్దాయనా, దగ్గరుండి చూసింది ఈవిడ కదా. ఈవిడ చెప్పాలి."

"ఆడవాళ్ళు ఏడుస్తారు. లెక్క మగాళ్ళం చెబుతాం."

వాల్టర్ అపోండి వైపు చూశాడు. ఆమె కూడా నెల అనే అంది. దగ్గుందా అంటే, కాస్త ఉందంది. ఒళ్ళు తగ్గిందా అంటే, దుఃఖంలో ఎవరైనా తగ్గుతారుగా అంది. వాల్టర్ రాసుకుంటూ పోతున్నాడు. ఇలాంటి జవాబులు ఈ ఊళ్ళో అతను చాలా విన్నాడు. అన్నీ ఒక్క నోటి నుంచి వచ్చినట్టుంటాయని ఎప్పుడైనా అనుకున్నాడేమో, పైకి అనలేదు.

"నోట్లో తెల్లగా ఏమైనా పూసిందా?"

ఒళ్ళో పిల్ల దగ్గింది. నోరు తెరుచుకుని, మూసుకుంది. పొద్దున గంజి పడుతుంటే ఆమె చూసింది. నాలుక అంచున తెల్లటి మచ్చలు. పాలేమోనని కొంగుతో తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడిచింది. పిల్ల ఏడిచింది.

"అమ్మా?" అన్నాడు వాల్టర్.

"ఉంది," అంది అపోండి. "మొదటి నుంచీ రాసుకో నాయనా. ఇందాక చెప్పినవి కొట్టెయ్యి."

"అపోండీ," అన్నాడు ఒవిటి.

"నెల కాదు. వచ్చిననాటికే ఏడాదై ఉంటుంది. రోజూ సాయంత్రం జ్వరం. రాత్రి చెమటకి దుప్పటి పిండేదాన్ని. దగ్గు ఆర్నెల్లు. విరేచనాలు ఆఖరి రెండు నెలలు. నడుం చుట్టూ ఎడమపక్క పొక్కులు లేచి మాని, మచ్చ పడింది. మింగలేకపోయేది. గుడ్డలు నేనే మార్చాను, నాకు తెలియదా?"

వాల్టర్ పెన్ను గబగబా కదిలింది. చివరి ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గించాడు. దేనివల్ల పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు?

"ఎయిడ్స్," అంది అపోండి. ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. ఒవిటి కర్ర నేల మీద పడింది.

"ఇంకొకటుంది. అది నాలియాకమ్మకి చెప్పాలి. నేను చూసే ఇళ్ళల్లో ఇన్నాళ్ళలో చిరా అని చెప్పినవి నలభై మూడు. అందులో ముప్పై ఆరు చిరా కాదు, నేను చెప్పించినవి. గుడ్డ కింద నేను దాచింది ఒక్క రకమేనని చెప్పు. ఆవిడకి అర్థమవుతుంది."

వాల్టర్ తల ఎత్తాడు. ఆ కాగితాల్లో చాలావాటి కింద సంతకం అతనిదే. "పేర్లు?"

"పేర్లు నాతోనే పోతాయి. పంపకానికి పేర్లెందుకు? ఎన్నో తెలిస్తే చాలదా?"

"చాలుతుందేమో. కానీ పాత ఏళ్ళవి అచ్చయిపోయాయమ్మా. వాటిని తిరగరాయరు. ఇక ముందు వేసే లెక్కలో చూసుకుంటారేమో, ఆవిడనే అడగాలి." కాగితాలు సర్దుతూ, "ఇది చెబితే మీ పని పోతుంది," అన్నాడు.

"పుస్తకం మేకుకుంది. తీసుకుపో."

అతను లోపలికి వెళ్ళి సంచీ దించుకున్నాడు. డేరా మళ్ళీ వస్తుందా అని అపోండి అడిగింది. చెప్పలేనన్నాడు. ఒక ఊరి లెక్క మారితే జిల్లా లెక్క ఎంత కదులుతుందో, కదిలినా ఎన్నాళ్ళు పడుతుందో. జిల్లా ఆస్పత్రిలో మాత్రం గురువారం పూట పిల్లలకి పరీక్ష చేసి, అవసరమైతే మందు ఇస్తున్నారని, పొద్దున్నే వరసలో నిలబడాలని చెప్పి సైకిలెక్కాడు.

అతను మలుపు తిరిగాక ఒవిటి కర్ర తీసుకుని లేచాడు.

"నీ రెండో కొడుక్కి పిల్లనిస్తామన్నవాళ్ళు ఇక ఈ వాకిట్లో అడుగు పెడతారా?"

"పెట్టకపోవచ్చు, బావగారూ."

"పోయినదాన్ని మళ్ళీ చంపావు. ఊళ్ళో ముప్పై ఆరు చావులన్నావు. ఏ ఇంటివాళ్ళకి ఆ ఇంటివాళ్ళు, మా పేరూ చెప్పిందేమో అనుకుంటారు. రేపట్నించి నీతో మాట్లాడేదెవరు?"

ఆ మాట నిజమే. అవతలి వాకిట్లో ఒబూరా తల్లి చేపలు తిరగేస్తోంది. అంత దగ్గర్లో ఉన్న మనిషికి ఇదంతా వినబడే ఉంటుంది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తకుండానే బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఒవిటి ఇంటికి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. చేతిలో గుడ్డమూట. విప్పి పొయ్యి పక్కన పెట్టాడు. వేర్లు, బెరడు, ఎండిన ఆకులు.

"పిల్ల దగ్గుతోంది. తల్లి చిరా దీనికీ దిగింది. రేపు తెల్లారుతూనే కాచు. పొద్దెక్కకముందే తాగించి, మిగిలినదాంతో ఒళ్ళు తుడు. నేనొచ్చి చూస్తాను." కోపం పోయింది ఆయన గొంతులో. సిప్రోజ్ పుట్టినప్పుడు పేరు పెట్టింది ఆయనే. "ఉన్న ఒక్కదాన్నైనా దక్కించుకో, అపోండీ."

"సరే బావగారూ," అంది ఆమె. ఎందుకన్నదో తెలియదు. అలవాటు.

గురువారం కోడి కూయగానే అపోండి లేచింది. పిల్లకి మొహం కడిగింది. నిన్న మిగిలిన మొక్కజొన్న ముద్ద కొంత గుడ్డలో కట్టుకుంది. ఆస్పత్రిలో రక్తం తీసే పిల్ల ఒవిటి మనవరాలేనన్న సంగతి గుర్తొచ్చింది. సాయంత్రానికి రేవంతా తెలుస్తుంది. ఇప్పటికే తెలిసిందిగా అనుకుంది. పరీక్షలో ఏమొస్తుందో ఆమెకి సగం తెలుసు. అయినా వంగి పిల్లని వీపుకి ఎత్తి గుడ్డతో గట్టిగా కట్టుకుంది. పిల్ల బరువు అట్టే లేదు.

పొయ్యి దగ్గర కుండ బోర్లించి ఉంది. కట్టెలు ఎండి ఉన్నాయి. వేర్ల మూట ఒవిటి పెట్టినచోటే ఉంది. ఆయన వచ్చేసరికి ఇంకో గంట పడుతుంది, వ్యాను అంతకంటే ముందే వస్తుంది.

"అమ్మమ్మా, చలి. నిప్పెయ్యవా?" అంది అవినో వీపు మీంచి.

"ఇవాళ వద్దులే," అని, పొయ్యి ముట్టించకుండానే తలుపు దగ్గరికి లాగి, వ్యాను ఆగే రోడ్డు వైపు నడిచింది.